పోయినవాళ్ళ పక్కన ఫిలొమినా

ఇప్పటికీ ఎవరో ఒకరు ఫ్రేము కట్టించుకోవడానికి నా కొట్లోకి వచ్చి, కొలతలు చెప్పడం అయ్యాక మెల్లగా బల్ల మీదకి వంగి, రే అని నన్ను పేరు పెట్టి పిలిచి అడుగుతారు. "రే, బతికున్న ముసలమ్మని చంపేసిన ఆ పెయింటరు నీ స్నేహితురాలేనట కదా?"

అడిగేవాళ్ళలో ఒక్కరు కూడా ఆ బొమ్మ చూసినవాళ్ళు కాదు. ఫోనులో వీడియో చూసినవాళ్ళు. వీడియోలో జనం నోళ్ళు తెరవడం ఉంది, పెళ్ళికూతురు కళ్ళు తుడుచుకోవడం ఉంది, బొమ్మ మాత్రం ఉందా లేదా అన్నట్టుంది. అవునని చెప్పి వాళ్ళ డబ్బు తీసుకుని పంపించేస్తాను. వాళ్ళు వెళ్ళాక తలుపు కాస్త గట్టిగానే వేస్తాను.

మార్నీ క్విగ్లీది మా ఊరే. పిట్స్‌బర్గ్‌కి దిగువన, నది పక్కన, ఉక్కు మిల్లు మూతపడ్డాక కూడా వదిలిపోని మొండి జనం ఉండే ఊరు. తెల్లారగట్ల బేకరీలో పిండి పిసికేది, మిగతా పొద్దంతా బొమ్మలు వేసేది. బస్సు కోసం నిలబడి విసుక్కునేవాళ్ళు, లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఆడవాళ్ళు, చర్చి వెనకాల దొంగచాటుగా సిగరెట్టు కాల్చే ఫాదరు. ఎవరిని వేసినా ఆ మనిషి అచ్చం అలాగే ఉండేవాడు. ఇదే ఆమె తప్పయింది. సిటీలో గ్యాలరీ నడిపే ఒకాయన ఆమె బొమ్మలన్నీ గోడకి ఆనించి, వెనక్కి చేతులు కట్టుకుని, అటూ ఇటూ నడిచి, "మీ మనుషులు మరీ ఎదురింటివాళ్ళలా ఉన్నారమ్మా. మా దగ్గర కొనేవాళ్ళకి ఎదురింటివాళ్ళు అక్కర్లేదు" అన్నాడట. మార్నీ నా కొట్లో కూర్చుని ఆ మాట చెప్పి పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆయన ఎదురింట్లో ఎవరుంటారో, వాళ్ళని ఆయన ఎప్పుడైనా చూశాడో లేదో నాకు తెలియదు.

గ్యాలరీ లేకపోతే బొమ్మలు వేసేవాళ్ళు ఎలా బతకాలి? బతకడానికి దారులు చాలా ఉన్నాయి, కాకపోతే ఒక్కోదాన్లో ఒక్కో రకం బురద. మొదట వైను తాగుతూ బొమ్మలేసుకునే సాయంత్రాల్లో పంతులమ్మ పని చేసింది. హాలునిండా అందరూ ఒకే సముద్రం, ఒకే సూర్యుడు వేస్తారు. రెండో గ్లాసు అయ్యేసరికి అందరి సూర్యుళ్ళూ గుడ్డట్టులా సాగిపోయేవి. "నాకు దేవుడిచ్చిన చెయ్యి" అని ప్రతి బల్ల దగ్గరా ఒకరు అనేవారు. మార్నీ అవునండీ అనేది. ఆ అవుననడానికే ఆమెకి జీతం.

తరవాత పెళ్ళిళ్ళు వచ్చాయి. పెళ్ళి విందు జరుగుతుంటే హాల్లో ఓ మూల స్టాండు వేసుకుని అక్కడికక్కడ ఆ సన్నివేశం వెయ్యడం. సామాను మొయ్యడానికి నేను వెళ్ళేవాణ్ణి. దీపం, స్టాండు, రంగుల పెట్టె, ఇంటికెళ్ళాక కట్టాల్సిన ఫ్రేము, అన్నీ నా వంతు. మొదటి పెళ్ళి అగ్నిమాపక దళం వాళ్ళ హాల్లో జరిగింది. కుకీల బల్ల మీంచి కంచం నింపుకున్న ఒక లారీ డ్రైవరు, పెళ్ళికొడుక్కి పెదనాన్నట, మార్నీ వెనకాల నిలబడి నమిలినంతసేపూ చూసి అన్నాడు.

"మా తమ్ముడి ముక్కు ఇంకా పెద్దదమ్మాయ్. భయపడకు, పెట్టు."

పెట్టింది. ఆ బల్లవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ముక్కుగలాయన కూడా లేచొచ్చి చూసి, "ఇది నాదే" అని ఒప్పుకుని వెళ్ళాడు. తిరిగొస్తూ వ్యానులో మార్నీ మొహం వెలిగిపోతోంది.

"రే, ఇవాళ హాలంతా నా బొమ్మ చూసింది. ఒక్కడు కూడా చేతులు వెనక్కి కట్టుకోలేదు."

ఆమెకి కావలసింది అంతే. అలాంటి జనం, వాళ్ళు నములుతూ చెప్పే మాట. ఆ పని చేతిలో ఉన్నన్నాళ్ళూ ఆమె గ్యాలరీ ఊసెత్తలేదు. ఆ పని పోతే ఆమెకి మళ్ళీ పిండి తప్ప ఏమీ లేదు.

రోత ఎక్కడ మొదలైందో కూడా చెప్తాను. ఒక పెళ్ళికూతురి తండ్రి పెళ్ళికి కాస్త ముందు గుండె ఆగి పోయాడు. ఆ పిల్ల మార్నీ దగ్గరికి ఫొటో పట్టుకొచ్చి, "నాన్నని తలుపు దగ్గర నిలబెడతారా?" అని అడిగింది. మార్నీ నిలబెట్టింది. ఆయన్ని మిగతావాళ్ళలా ముదురు రంగులో వెయ్యలేదు. లేతగా, వెనకాల గోడ కనిపించేంత పలచగా, కాళ్ళ కింద నీడ లేకుండా వేసింది. ఆ పిల్ల బొమ్మ ముందు కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు మంచి ఏడుపు, దానికి నేను వంక పెట్టను. కానీ ఎవరో ఫోనెత్తి తీశారు. ఆ వీడియో ఊళ్ళు దాటి, రాష్ట్రాలు దాటి తిరిగింది.

దాంతో పెళ్ళి ఏర్పాట్లు చేసే బ్రిజెట్ అనే ఆవిడ వచ్చి వాలింది. తెల్లటి పళ్ళు, చెవిలో ఎప్పుడూ ఒక ఫోను తాడు. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడం అంటారే, ఆవిడ దాన్ని వ్యాపారం చేసింది. ఆవిడ పెళ్ళిళ్ళన్నిటికీ మార్నీయే పెయింటరు, ప్రతి పెళ్ళి బొమ్మలోనూ పోయినవాళ్ళు ఉండాల్సిందే. చచ్చినవాడి కళ్ళు చారెడు కదా, బతికుండగా పలకరించని మావయ్యలు కూడా బొమ్మలో తేలేవారు. ఎవరూ పోని కుటుంబం వస్తే బ్రిజెట్ మొహం చిన్నబోయేది. "కనీసం కుక్కైనా లేదా?" అని అడగడం నా చెవులారా విన్నాను.

పద్ధతి కూడా ఆవిడే పెట్టింది. హాలూ, కిటికీలూ, పోయినవాళ్ళూ ముందుగా ఇంటి దగ్గరే వేసుకోవాలి. ఆయిల్ రంగు, ఆరాలి కదా. పెళ్ళి రోజున పోయినవాళ్ళున్న వైపు గుడ్డ కప్పి, రెండో వైపు పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ చుట్టాలనీ వెయ్యాలి. చివర్న అందర్నీ పిలిచి గుడ్డ లాగాలి. ఈ లోపల పోయినవాళ్ళ మాట ఇంటివాళ్ళ దగ్గర పెయింటరు ఎత్తకూడదు. ఎందుకంటే ముందే ఏడ్చేస్తారు, గుడ్డ లాగేసరికి ఏడుపు మిగలదు. ఈ మాట ఆవిడ పప్పులో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. గుడ్డ లాగినప్పుడు ఫోనులన్నీ పెళ్ళికూతురి మొహం వైపు తిరిగేవి. బొమ్మ వైపు తిరిగిన ఫోను నేను చూడలేదు.

"మానెయ్ పిల్లా" అన్నాను ఒకసారి.

"మానేసి ఎక్కడికెళ్ళను, ముసలోడా? గుడ్డ లాగేదాకా అయినా చూస్తున్నారుగా నా వెనకాల నిలబడి."

అలా ఉండగా ఆ ఏడు చలికాలంలో రోసాన్ డాటిలో అనే ఆవిడ ఫోను చేసింది. వసంతంలో ఆవిడ కూతురు టెస్సా పెళ్ళి. మార్నీ చేతులనిండా రంగు, అందుకని ఫోను నా బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. పోయిన తన నాన్నగారి ఫొటో ఆవిడ ముందే పంపింది, ఆయన్ని వెయ్యడం అప్పటికే మొదలైంది.

"అమ్మ ఆస్పత్రిలో ఉందండి. వసంతం దాకా ఉండదంటున్నారు. అమ్మ ఫొటో కూడా పంపుతున్నాను. నాన్న పక్కనే పెట్టెయ్యండి" అంది రోసాన్.

"మామూలుగానా అండి, లేకపోతే..."

"మీరు లేతగా వేస్తారు చూడండి, అలాగ."

మార్నీ నా వైపు చూసింది. "ఆవిడ ఇంకా ఉన్నారు కదండీ."

"ఉంది, ఎవరు కాదన్నారు? ముందే వెయ్యకపోతే ఆరదని మీరేగా అన్నది. నేను జరగబోయేది ఆలోచించి చెప్తున్నాను."

గొంతులో వణుకు లేదు. కుర్చీలెన్ని కావాలో చెప్పినట్టుంది. పెళ్ళి దగ్గర పడ్డాక మార్నీ ఉండబట్టలేక బ్రిజెట్‌ని అడిగింది, ఆ పెద్దావిడ ఎలా ఉన్నారని. "ఇంటివాళ్ళ దగ్గర ఆ మాటెత్తకు. ఏమన్నా మారితే నేను చెప్తాగా" అంది బ్రిజెట్. ఏదీ మారలేదని అనుకున్నాం. అంటే, ఆవిడ పోయారని అనుకున్నాం.

పెళ్ళిరోజు హాల్లో మార్నీ గోడ వైపు తిరిగి పనిలో మునిగిపోయింది. నేను కుకీల బల్ల దగ్గర చేరాను. మా వైపు పెళ్ళిళ్ళలో కేకుని ఎవరూ పట్టించుకోరు, అత్తలూ పిన్నులూ వారాల తరబడి కాల్చి తెచ్చిన కుకీలే పెళ్ళి. పూలముద్ర వేసిన పలచటి ఇటాలియన్ కుకీ, పిజెల్ అంటారు, ఒకటి నోట్లో పెట్టుకున్నానో లేదో, చక్రాల కుర్చీలో దుప్పటి కప్పుకున్న ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఎలా ఉంది?"

"బాగుందండి."

"బాగుండటం కాదు. కిటికీ వైపు పట్టుకుని చూడాలి. అవతల వెలుతురు కనిపిస్తే నేను చేసింది. కనిపించకపోతే మా మరదలు చేసింది, తినకు."

"తినేశానండి."

"అయితే నీ ఖర్మ, నాయనా."

తెల్లజుట్టు, బక్కచిక్కిన మొహం, పదునైన గడ్డం. రోసాన్ పంపిన ఫొటోలో ఉన్నది నల్లజుట్టుతో, ముత్యాల దండతో నిటారుగా నిలబడ్డ మనిషి. ఎప్పటి ఫొటోయో ఏమో. నేను పోల్చుకోలేకపోయాను.

బ్రిజెట్ మైకు పట్టుకుని అందర్నీ పిలిచింది. "ఇవాళ మన మధ్య లేకపోయినా, మనతోనే ఉన్నవాళ్ళ కోసం" అని గొంతు తడి చేసుకుని గుడ్డ లాగింది. టెస్సా తాతగారిని చూసి అనుకున్నట్టే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫోనులు లేచాయి. ఆ తరవాత ఆ పిల్ల కళ్ళు పక్కకి జరిగాయి. తాతగారి పక్కన, ఆయనంత పలచగా, కాళ్ళ కింద నీడ లేకుండా, ముత్యాల దండతో అమ్మమ్మ నిలబడి ఉంది. హాలు హాలంతా ఒక్కసారి చల్లబడింది. మా వైపు జనానికి లేతరంగు అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు, అప్పటికి ఆ వీడియోలు అందరూ చూశారు.

కుకీల బల్ల దగ్గరి చక్రాల కుర్చీ ముసలావిడే ఆ అమ్మమ్మ, ఫిలొమినా. మెడ సాచి చాలాసేపు చూసింది.

"రోసాన్, నేనెప్పుడు పోయానే? నాకు చెప్పలేదేం?"

వెనకాల ఎవడో కిసుక్కున నవ్వాడు. రోసాన్ మొహం చూశాను. ఆవిడకి అప్పుడే గుర్తొచ్చింది. తల్లి కోలుకుని ఇంటికొచ్చింది, కుకీలు కాల్చింది, పెళ్ళికి వచ్చి కూర్చుంది. చలికాలంలో తాను చేసిన ఫోను మాత్రం ఆవిడ బుర్రలోంచి జారిపోయింది. కావాలని చేసి ఉంటే కోపం తెచ్చుకునేవాణ్ణి. తల్లిని బొమ్మలో చంపించి మరిచిపోయిన మనిషి మీద కోపం కూడా రాదు, కంపరం వస్తుంది.

రోసాన్ గిర్రున మార్నీ వైపు తిరిగింది. "ఏం చేశావమ్మా నువ్వు? మా అమ్మని పట్టుకుని..."

మార్నీ ఆవిణ్ణి చూడలేదు. ముసలావిణ్ణి చూసింది. ముసలావిడ కూతురి వైపు చూస్తోంది, ఏదో వినడానికి సిద్ధంగా ఉన్నట్టు, వినకూడదని కోరుకుంటున్నట్టు.

"నాదే పొరపాటండి. ఫొటోలు కలిసిపోయాయి" అంది మార్నీ.

నేను నోరు తెరిచాను. మార్నీ నా కాలు తొక్కింది.

బ్రిజెట్ మనుషులు తీసిన వీడియోనే తెల్లారేసరికి ఊరంతా తిరిగింది. 'చంపిన పెయింటరు' అని ఎవరు పేరు పెట్టారో గానీ, అది జిగురులా అంటుకుంది. అంతకుముందు మావయ్యల ఆత్మల కోసం ఏడ్చినవాళ్ళే మార్నీని తిట్టారు. కొందరు మరీ తెలివిగా, "మా అత్తగారి బొమ్మ కూడా వేసిపెడతావా?" అని రాశారు. బ్రిజెట్ ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ వెనక్కి తీసుకుంది. "కుటుంబం క్షమించామంటే తప్ప నేనేం చెయ్యలేను" అని, బొమ్మని మళ్ళీ సరిచేసి ఇవ్వమంది. అసలు సంగతి చెప్పెయ్యమని మార్నీని బతిమాలాను, బెదిరించాను. "ఆ పెద్దావిడ వినాల్సిన మాటా అది?" అంది.

సరిచెయ్యడానికి ఫొటో వద్దని ఫిలొమినాయే ఫోను చేసింది. "నేనున్నానుగా, వచ్చి చూసుకుని వెయ్యి" అంది. చెప్పుల కొట్టు పైన ఆవిడ ఇల్లు. కాన్వాసు నేను మోసుకెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని, కాఫీలో గట్టి రొట్టె ముంచుకుని తింటూ, మాట్లాడుతూ, మధ్యలో కునికిపాట్లు పడుతూ ఆవిడ బొమ్మ వేయించుకుంది. మార్నీ ఎన్నిసార్లు వెళ్ళిందో నేను లెక్కపెట్టలేదు. పని ఎప్పుడో అయిపోయేదే, ఇద్దరికీ అవజెయ్యాలని లేదు.

"ఈ గడ్డం నాదేనా?" అని అడిగింది ఒకరోజు, బొమ్మ తిప్పి చూపిస్తే.

"మీదేనండి."

"మా అత్తది అనుకున్నాను. సరే, ఉండనీ." రొట్టె ముక్క కాఫీలో ముంచి, "ఒకటి అడుగుతాను. నన్ను పోయినవాళ్ళలో కలపమంది మా రోసానేగా?" అంది.

"కాదండి. ఫొటోలు కలిసిపోయాయి."

"నీకు అబద్ధాలు రావమ్మా. వచ్చుంటే ఈపాటికి మంచి బూట్లు తొడుక్కునేదానివి."

మార్నీ బ్రష్షు కడగడం మొదలుపెట్టింది, కడగాల్సిన అవసరం లేకపోయినా.

"దానికి ఎనిమిదేళ్ళప్పుడు మా పిల్లికి జబ్బు చేసింది. ఇది పెరట్లో గొయ్యి తవ్వింది. పూలు కూడా కోసి పెట్టుకుంది. పిల్లి లేచి తిరిగింది. పూలు వాడిపోయాయని ఇది తిండి మానేసి ఏడ్చింది" అంది ఫిలొమినా.

"మీకు కోపం రాలేదా అండీ?" అని నేనే ఉండబట్టలేక అడిగాను.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, నాయనా. నాకు తెలుసని దానికి చెప్పకండి. ఇద్దరూ."

చెప్పలేదు. లేత బొమ్మ మీదే వేసిన కొత్త బొమ్మలో ఫిలొమినా కుర్చీలో కూర్చుని ఉంది. ముదురు దుప్పటి, పదునైన గడ్డం, చేతిలో పిజెల్, కుర్చీ కింద నేలంతా పరుచుకున్న నీడ. మార్నీ వేసినవాటిలో అంత బాగా కుదిరింది నేను చూడలేదు. రోసాన్ దాన్ని తీసుకుని, బాగుందని గానీ బాగాలేదని గానీ అనకుండా కారు వెనక సీట్లో పడుకోబెట్టింది. క్షమించామన్న మాట అప్పుడూ రాలేదు.

ఆకులు రాలే రోజుల్లో ఫిలొమినా నిజంగానే పోయింది. నిద్రలో పోయిందట. అంత్యక్రియలు అయ్యాక రోసాన్ ఫోను చేసింది. మళ్ళీ నా కొట్లోనే, మళ్ళీ అదే బల్ల మీద స్పీకరు.

"మార్నీగారూ, అమ్మ పోయింది."

"తెలిసిందండి. నాకు చాలా బాధగా ఉంది." నిజంగానే మార్నీ కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

"బొమ్మని మొదట వేసినట్టు చేసెయ్యండి. లేతగా. కింద అదేగా ఉంది, పైది కాస్త చెరిపితే వచ్చేస్తుందనుకుంటాను. టెస్సా పెళ్ళై ఏడాది నిండే రోజుకి అందర్నీ పిలిచి గుడ్డ లాగిద్దామని బ్రిజెట్ అంటోంది."

రోసానే మళ్ళీ అందుకుంది.

"చూడండి, చలికాలంలో ఫోను చేసింది నేనేనని అందరి ముందూ నేనే చెప్తాను. వీడియోలో ఉంటుంది. మీ పేరు బాగుపడుతుంది. బ్రిజెట్ మళ్ళీ పెళ్ళిళ్ళన్నీ మీకే ఇస్తానంది."

వింటుంటే రోత పుట్టింది. అయినా ఒప్పుకోమని మార్నీకి చేత్తో సైగ చేశాను. పోయినావిడ ఎలాగూ పోయింది, బతికున్నదానికి బతుకుతెరువు కావాలి. మార్నీ నా చేతి వైపు చూడనైనా చూడలేదు.

"వద్దండి. అప్పుడు మీ అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి అలా వెయ్యగలిగాను. ఇప్పుడు చూశాను."

"చూస్తే ఏమైంది? ఇంకా బాగా వేస్తారుగా" అంది రోసాన్.

మార్నీ ఫోను పెట్టేసింది. ఆ తరవాత ఆమెని ఏ పెళ్ళికీ ఎవరూ పిలవలేదు. బేకరీలో రెండు పూటలూ పని చేస్తోంది.

రోసాన్ వేరే ఊరి నుంచి ఇంకో పెయింటరుని పిలిపించుకుని పని కానిచ్చింది. ఆ వీడియో నేను చూశాను. ఫోను చేసింది తానేనన్న మాట అందులో లేదు. గుడ్డ లాగగానే రోసాన్ ఏడ్చింది. తల్లి పోయిన మనిషి ఏడ్చే ఏడుపే అది, దొంగేడుపు కాదు. అలా ఏడుస్తూనే ఒకసారి తలెత్తి, కెమెరా ఎటుందో చూసుకుంది.